చేపలు బతికితే

గౌరవనీయులైన అక్కయ్యగారికి,

నమస్కారం. మీకు ఫోన్లో సరిగా వినపడదు కాబట్టి ఏ సంగతైనా ఉత్తరం రాయమని చెప్పి వెళ్ళారు. అందుకే రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

ముందుగా గువ్వ క్షేమం. స్కూలుకి వెళ్తోంది. పెట్టింది తింటోంది. జడ వేస్తానంటే వచ్చి తల వంచుతోంది. ఈ ఇంటికి కొత్తగా వచ్చిన పిన్నిని కదా, నాతో మాట్లాడటం మాత్రం ఇంకా లేదు. అవును, కాదు, అంతే. వాళ్ళ నాన్న ఓడ ఎక్కి వెళ్ళాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. ఇంజన్ గదిలో ఆ మోత మధ్య ఆయన ఎలా నెగ్గుకొస్తారో గానీ, ఇక్కడ చెంచా కిందపడినా నేను ఉలిక్కిపడుతున్నాను.

ఇక చేపలు. మీరు జాడీలో తెచ్చి ఇచ్చిన ఐదు గప్పీలూ బాగున్నాయి. మీరు బస్సుకి వెళ్ళిన సాయంత్రమే కొత్త గాజు తొట్టి సిద్ధం చేసి అందులో వదిలేశాను. గులకరాళ్ళు ఉడికించాను. గాజు లోపలంతా మా ఆసుపత్రిలో వాడే మందుతో తుడిచి, వేడినీళ్ళతో కడిగాను. నా పని మీకు తెలుసు కదా. ఆపరేషన్ గదిలోకి వెళ్ళే కత్తులూ కత్తెరలూ క్రిమి అన్నది లేకుండా ఉడికించి, మూటకట్టి పంపడం. నా చేతి మీదుగా వెళ్ళిన ట్రేకి ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. మీ జాడీలో నీళ్ళు పచ్చగా ఉన్నాయి, పారబోశాను. అడుగున నల్లటి స్పాంజి ముక్క ఒకటి కనిపించింది. పొరపాటున పడిందేమో అనుకున్నాను. మీ ఇంటి వస్తువు పారేయడానికి మనసొప్పక దాన్నీ ఉడికించి, తెల్లబడ్డాక ఫిల్టర్లో పెట్టాను. ఇప్పుడు తొట్టి ఎంత శుభ్రంగా ఉందంటే, నీళ్ళున్నాయో లేవో వేలు పెడితే గానీ తెలియదు.

గువ్వ వాటికి పేర్లు పెట్టుకుంది. పట్టుచీర, పొట్టోడు, కంగారు, బామ్మ, దొరసాని. నాకు చెప్పలేదు. చేపలతో కబుర్లు చెబుతుంటే గుమ్మం బయట నిలబడి విన్నాను. నేను లోపలికి అడుగు పెట్టగానే ఆపేసింది.

ఇంకొక్క మాట. వెళ్తూ వెళ్తూ చెప్పులు వేసుకుంటూ ఆయనతో అన్నారు మీరు: "ఈ చేపల్ని బతికిస్తే పిల్లనీ పెంచగలదులే. చూద్దాం, లేకపోతే సెలవుల్లో నేనే తీసుకెళ్ళిపోతాను" అని. నవ్వుతూనే అన్నారు. నేను వంటగదిలో ఉన్నాను, వినపడింది. తప్పు పట్టలేదు. కానీ అప్పటి నుంచి పొద్దున లేవగానే తొట్టి దగ్గరికే వెళ్తున్నాను.

ఇట్లు,
గువ్వ వాళ్ళ ఇంటి నుంచి


అమ్మాయ్,

ఉత్తరం అందింది. "గువ్వ వాళ్ళ ఇంటి నుంచి" అని సంతకం పెట్టావు. రాసింది ఎవరు, గోడలా?

స్పాంజి దగ్గరికి వచ్చేసరికి నా కాలు కుట్టుమిషన్ మీద ఆగిపోయింది. పిల్లల యూనిఫాం కాలరు సూది కింద అలాగే ఉండిపోయింది. ఉడికించావా? ఓసి నీ శుభ్రం సంతకెళ్ళ! ఆ ముక్క నేను మా తొట్టి ఫిల్టర్లోంచి కోసి, కావాలనే జాడీలో వేశాను. చేపలు వదిలే మలినం నీళ్ళలో విషమవుతుంది. ఆ విషాన్ని తిని బతికే కంటికి కనపడని ప్రాణులు ఆ నల్లటి మురికిలోనే ఉంటాయి. కొత్త తొట్టిలో అవి వాటంతట అవి పుట్టుకురావాలంటే వారాలు పడుతుంది. పాత ముక్క ఒకటి ఉంటే ఆ గండం గడిచిపోతుందని వేశాను. నువ్వేమో వాటన్నిటినీ వేడినీళ్ళలో చంపి, ఖాళీ ఇంట్లో ఐదుగురిని కాపురం పెట్టించావు.

నేను చెప్పి ఉండాల్సింది, నిజమే. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

ఇప్పుడు విను. ఇక ఏదీ కడగకు. నీ చేతులు దురద పెడితే గిన్నెలు తోముకో. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి ఒక రోజంతా వదిలెయ్యి, మందు వాసన పోవాలి. తొట్టిలో పావు వంతు నీళ్ళు తీసి, అంతే పొయ్యి. మొత్తం ఎప్పుడూ మార్చకు. మేత చిటికెడు, అదీ నువ్వొక్కదానివే వెయ్యి. చేప ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది, దాని మొహమే అంత.

సెలవులకి వస్తాను. వచ్చి చూస్తాను.

గువ్వకి ముద్దులు.

పెద్దమ్మ


అక్కయ్యగారికి,

మీ ఉత్తరం ఒక్క రోజు ముందొచ్చి ఉంటే బాగుండేది.

పొట్టోడు పోయాడు. పొద్దున నేను లేచేసరికి గువ్వ తొట్టి ముందు నిలబడి ఉంది. గాజుకి ముక్కు ఆనించి చూస్తోంది. నీళ్ళ మీద వాడు పక్కకి ఒరిగి తేలుతున్నాడు. గువ్వ ఏడవలేదు. నావైపు తిరిగి చూడలేదు. బ్యాగు తగిలించుకుని స్కూలుకి వెళ్ళిపోయింది. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకునేదాన్ని. 

అప్పుడు నాకు తెలిసిందల్లా ఒకటే, ఎక్కడో క్రిమి ఉంది అని. డ్యూటీకి ఆలస్యమైనా సరే, నీళ్ళన్నీ తోడేశాను. రాళ్ళు మళ్ళీ ఉడికించాను. ఫిల్టరు విప్పి బ్రష్షుతో తోమాను. నేరుగా కుళాయి నీళ్ళు నింపాను. సాయంత్రం వచ్చేసరికి మీ ఉత్తరం తలుపు కింద ఉంది. చెప్పులతోనే నిలబడి చదివాను. మీరు చెయ్యొద్దన్నవన్నీ వరసపెట్టి చేశాను అక్కయ్యగారూ, ఒక్కటీ వదల్లేదు. ఆ మర్నాడు బామ్మ పోయింది.

ఇప్పుడు మూడున్నాయి. మీరు రాసినట్టే చేస్తున్నాను. ఆసుపత్రిలో చేతులు కడుక్కుంటుంటే కూడా ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటోంది.

నిన్న అన్నం తింటూ గువ్వ తనంతట తను మాట్లాడింది. నా ప్రాణం లేచొచ్చింది. ఏమడిగిందో తెలుసా? "పెద్దమ్మ ఎప్పుడొస్తుంది?" అని. సెలవులకి అన్నాను. "సెలవులు ఎప్పుడు?" అంది. చెప్పాను. మళ్ళీ తల దించుకుంది. అంతకు మించి నాతో ఆ పిల్లకి పని లేకపోయింది.

మీ దగ్గరికి వెళ్ళాలని ఉన్నట్టుంది.

ఇట్లు,
గోడలు కావు, నేనే


అమ్మాయ్,

రెండు పోయాయని చదివి బాధేసింది. నిన్ను తిట్టడానికి కలం తీసి, తిట్టలేక పక్కన పెట్టాను. మొదటి తొట్టి అందరి చేతిలోనూ ఎంతో కొంత పాడవుతుంది. కానీ మీ ఇంట్లో అలా అనుకుని ఊరుకోవడానికి లేదు.

నీకు తెలియని సంగతి చెబుతాను. చివరి నెలల్లో మా చెల్లెలికి ముద్ద దిగేది కాదు. గువ్వ ఒక చిన్న గిన్నె పట్టుకుని మంచం పక్కనే కూర్చునేది. మేమెవరం పెట్టినా వద్దనే మనిషి, కూతురి మొహం చూసి ఒక చెంచా నోట్లో పెట్టుకునేది. తర్వాత అదీ ఆగిపోయింది. ఆ పిల్ల మాత్రం గిన్నె దించలేదు. ఆఖరికి నేనే లాక్కున్నాను చేతిలోంచి. అలాంటి పిల్ల కళ్ళ ముందు ఇంకో ప్రాణం పోకూడదు. సరదాగా ఉంటుందని చేపలు తెచ్చాను, ఇదేమిటి ఇలా అయింది?

నేనెప్పుడొస్తానని అడిగిందంటే నా మీద బెంగ పెట్టుకుంది. ఇక్కడ కిటికీ పక్కన మంచం వేయించాను. నేను యూనిఫాంలు కుట్టే స్కూల్లో పెద్ద టీచరమ్మని గువ్వని చేర్చుకోవడం గురించి కదిపి చూశాను. సరే అంది. మరిదికి కూడా రాస్తాను. నీ తప్పని కాదు. నీకు ఉద్యోగం ఉంది, ఆయన సముద్రం మీద ఉన్నాడు, ఎవరి వల్ల ఎంతవుతుంది?

మిగిలిన మూడింటినీ జాగ్రత్తగా చూడు.

పెద్దమ్మ


అక్కయ్యగారికి,

కంగారు పోయింది. పట్టుచీర కూడా. దొరసాని ఒక్కతే మిగిలింది.

మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. ఏదీ కడగలేదు. నీళ్ళు బకెట్లో ఉంచే పోశాను. మేత చిటికెడే వేస్తున్నాను. అయినా నీళ్ళు బియ్యం కడుగులా తెల్లబడుతున్నాయి. పొద్దున తేటగా వదిలి వెళ్తే సాయంత్రానికి మళ్ళీ అంతే. మొన్న కొన్న మేత డబ్బా అప్పుడే అడుగు కనిపిస్తోంది. నా చిటికెడు అంత పెద్దదా అని వేళ్ళు చూసుకున్నాను. నాకేమీ అర్థం కావడం లేదు. ఆసుపత్రిలో ఇంత కాలం చేశాను, నా చేతుల మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఇప్పుడు మూత తీసిన ప్రతి ట్రే రెండుసార్లు చూసుకుంటున్నాను. పక్కనున్నామె "ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

అన్నిటికన్నా భయం ఏమిటంటే, ఇంటి తలుపు తీసే క్షణం. తలుపు తోస్తే తొట్టి ఎదురుగానే కనిపిస్తుంది. చూడకుండా లోపలికి వెళ్ళే దారి లేదు ఈ ఇంట్లో. గువ్వ తన దగ్గరున్న తాళం చెవితో తీసుకుని నా కన్నా ముందు వస్తుంది. వచ్చి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నన్ను చూడగానే మేత డబ్బా పెట్టిన బల్ల దగ్గర నుంచి దూరంగా జరుగుతుంది. నన్ను చూస్తేనే ఆ పిల్లకి భయమేస్తోంది, అక్కయ్యగారూ. నేను ముట్టుకున్నదల్లా పోతోందని అనుకుంటోందేమో. అనుకుంటే తప్పేముంది?

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. తీసుకెళ్ళండి. నేను అడ్డు చెప్పను. కిటికీ పక్క మంచం మీద అయినా ఆ పిల్ల నోరు విప్పి మాట్లాడితే అదే చాలు. ఈ వాక్యం రాయడానికి రెండు కాగితాలు చింపాను.

దొరసాని ఉండగానే రండి.

ఇట్లు,
నేను


అమ్మాయ్,

సెలవులివ్వగానే మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. గువ్వ బట్టలు సర్ది ఉంచు. పుస్తకాలు కూడా. దానికి ముందే చెప్పు, ఆ రోజు కంగారు పడకుండా.

నువ్వు మంచిదానివి. అది నేను ఇంతకు ముందే రాసి ఉండాల్సింది.

పెద్దమ్మ


అక్కయ్యా,

ఇంటికి వచ్చీ రాగానే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఇవాళ పొద్దున గువ్వకి చెప్పాను. పెద్దమ్మ వస్తోంది, నిన్ను తనతో తీసుకెళ్తుంది, అక్కడ హాయిగా ఉండొచ్చు అని. నవ్వుతూ చెబుదామనుకున్నాను, నవ్వు వచ్చిందో లేదో తెలియదు. సర్దుతున్న బట్టల వైపు చూసింది. స్కూలుకి వెళ్ళింది.

సాయంత్రం తాళం తీస్తే తొట్టి ఖాళీగా ఉంది. దొరసాని లేదు. నీళ్ళ మీదా లేదు, అడుగునా లేదు. మీ జాడీ లేదు. గువ్వ లేదు. స్కూలు నుంచి వచ్చినట్టు నీళ్ళ సీసా బల్ల మీద పెట్టి ఉంది. పక్కింటామె మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. "జాడీ పొట్టకి హత్తుకుని బస్టాండు వైపు పోయింది, నువ్వే పంపావనుకున్నా" అంది.

బస్టాండు. మీ దగ్గరికి. నేను సర్దేదాకా కూడా ఆగలేకపోయిందా అనుకున్నాను. అక్కయ్యా, ఆ పరుగు ఎలా పరుగెత్తానో నాకు గుర్తులేదు. ప్రతి బస్సూ ఎక్కి సీట్ల కింద కూడా చూశాను. కండక్టర్లందరినీ అడిగాను. ఒకాయన "చేపల జాడీతో పిల్లా?" అని నవ్వాడు, వాడి చొక్కా పట్టుకుందామనిపించింది. మీ ఊరి బస్సు అప్పుడే కదిలిందన్నారు. వెనక రోడ్డులో ఆటో ఏదైనా దొరికితే ఆ బస్సుని వెంబడిద్దామని సందులోకి తిరిగాను. ఆ సందు మలుపులో రంగుచేపల దుకాణం ఉంది. గాజు పలక మీద మీ జాడీ. ఎత్తు స్టూలు మీద, కాళ్ళు నేలకి అందకుండా, గువ్వ.

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. దుకాణం ఆయన నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"మీ పాపేనామ్మా? ఎంతసేపటి నుంచో ఇదే గొడవ. ఇలాంటివే నాలుగు కావాలట. ఒకటి పొట్టిగా ఉండాలట, ఒకదానికి తోక జరీలా ఉండాలట. ఏవి చూపించినా కాదంటుంది. అవే ఇవి అన్నట్టు ఉండాలి, పెద్దమ్మ గుర్తుపట్టకూడదు అంటుంది."

గువ్వ నన్ను చూసి జాడీ గట్టిగా పట్టుకుంది.

"ఎందుకే తల్లీ?" అన్నాను.

"పెద్దమ్మ వచ్చి లెక్కపెడుతుంది. ఐదు ఉంటే వెళ్ళిపోతుంది. లేకపోతే నన్ను తీసుకుపోతుంది. నాన్నతో చెప్పింది. నేను తలుపు వెనకాలే ఉన్నాను."

"నీకు వెళ్ళాలని లేదా? ఎప్పుడొస్తుందని అడిగావుగా?"

"ఎన్ని రోజులు మిగిలాయో తెలియాలి కదా" అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు.

అక్కయ్యా, నేను ఆ దుకాణం మెట్టు మీద కూలబడిపోయాను. ఆ మాటకి నేనొక్కదాన్నే భయపడుతున్నానని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒకే ఇంట్లో, ఒకే తొట్టికి అటూ ఇటూ కూర్చుని, ఇద్దరం అదే మాటకి వణికిపోయాం.

గువ్వ స్టూలు దిగి నా పక్కన నిలబడింది. మెల్లగా చెప్పింది. "నేనే చంపేశాను. నువ్వు చిటికెడే వేస్తావు. అవి నోరు తెరుస్తూనే ఉంటాయి. తినకపోతే అమ్మలా అయిపోతాయని, నువ్వు డ్యూటీ నుంచి వచ్చేలోపు నేను వేసేదాన్ని. తినకపోతే ఇంకా వేసేదాన్ని."

డబ్బా అడుగు ఎందుకు కనిపించిందో, నీళ్ళు ఎందుకు తెల్లబడ్డాయో, నన్ను చూసి బల్ల దగ్గర నుంచి ఎందుకు జరిగేదో అప్పుడు తెలిసింది నాకు. మీరు రాసిన చిన్న గిన్నె కళ్ళ ముందు కనిపించింది. ఆ గిన్నె ఇంకా దించలేదక్కయ్యా ఈ పిల్ల.

ఏం చెప్పాలి? నీ తప్పు కాదంటే నమ్మే రకం కాదు ఇది. అందుకని నా సంగతి చెప్పాను. పెద్దమ్మ వేసిన స్పాంజి ముక్క నేను ఉడికించానని, నీళ్ళన్నీ పారబోశానని, ఎక్కువ శుభ్రం చేసి చంపానని. అంతా శ్రద్ధగా వింది.

"స్పాంజి ఉడకబెట్టావా?" అంది, కళ్ళు పెద్దవి చేసి. "అయితే ఇద్దరం చంపామా?"

"ఇద్దరం" అన్నాను.

"కావాలని కాదుగా?"

"కాదు. పోతాయేమోనన్న భయంతో."

అప్పుడు ఏడ్చింది. దుకాణం మెట్టు మీద, నా చీర కొంగంతా తడిసిపోయేలా, వెక్కి వెక్కి ఏడ్చింది. చేపల కోసం ఒక్కటే కాదని నాకు తెలుసు. దుకాణం ఆయన ఇంకో గిరాకీని బయటే ఆపి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన తన తొట్టిలోంచి ఒక బకెట్టు నీళ్ళు ఇచ్చాడు. దొరసాని ఇప్పుడు ఆ బకెట్లో ఉంది. ఈదుతోంది, కానీ నీరసంగా. రేపటికి ఉంటుందో ఉండదో నేను చెప్పలేను.

అందుకని మీకు రాస్తున్నాను. ముందు ఉత్తరంలో తీసుకెళ్ళండి అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు పెద్దవారు, ఆ పిల్ల మీ రక్తం, నేను నిన్నగాక మొన్న వచ్చినదాన్ని. ఇలా రాయడానికి నాకు చాలా భయంగా ఉంది. అయినా రాస్తున్నాను. మీరు వచ్చి లెక్కపెడితే ఐదు ఉండవు. ఒకటి ఉండొచ్చు, అదీ ఉండకపోవచ్చు. పిల్లని మాత్రం నేను పంపను.

ఇట్లు,
గువ్వ అమ్మ


ప్రియమైన గువ్వ అమ్మకి,

నీ ఉత్తరం మిషన్ మీద పెట్టుకుని చదివాను. చదివాక ఆ రోజు నా కుట్టు దుకాణం తెరవలేదు.

ఆ మాట నాకు గుర్తు కూడా లేదే చెల్లీ. నీ మొదటి ఉత్తరంలో రాశావు. అదేదో ఊరికే అన్నమాటలే అని దాటేసి స్పాంజి గురించి నిన్ను తిట్టడంలో పడ్డాను. చెప్పులు వేసుకుంటూ అన్న మాట. నాలుకకి నరం లేదంటారు, నా నాలుకకి బుద్ధి కూడా లేదు. నేను బస్సెక్కి కునుకు తీశాను. అక్కడ మీరిద్దరూ రోజులు లెక్కపెట్టుకున్నారు.

ఊరికే అన్నదేనా అంటే, అదీ పూర్తి నిజం కాదు. చెల్లెలు పోయాక నాతో మాట్లాడే మనిషి లేదు. నువ్వొచ్చాక గువ్వ నన్ను మరిచిపోతుందేమో అనిపించేది. అది నీతో మాట్లాడటం లేదని రాసినప్పుడల్లా లోపల ఎక్కడో నాకు ఊరటగా ఉండేది. కిటికీ పక్క మంచం గువ్వ కోసం అని రాశాను, నా కోసం వేయించాను. భయం మీ ఇద్దరికే ఉందనుకోకు.

దొరసాని ఉన్నా, పోయినా, పిల్ల అక్కడే ఉంటుంది. మరిదికి కూడా ఈ సంగతే రాశాను. పెద్ద టీచరమ్మకి గువ్వ రాదని చెప్పేశాను. చేపలు తీసుకురావడం లేదు. నీళ్ళు కుదురుకున్నాక మీ ఇద్దరూ వెళ్ళి మీకు నచ్చినవి తెచ్చుకోండి, ఏ ఒక్కదానిలాగా ఉండనక్కర్లేదు. మేత వేసే పని గువ్వకే ఇవ్వు. పక్కన నువ్వు నిలబడు. చిటికెడు వేశాక "చాలు" అని నువ్వు చెబితే అది నమ్ముతుంది ఇప్పుడు.

నేను మాత్రం వస్తున్నాను, మీరు రమ్మంటే. పిల్లకి మాటల మీద నమ్మకం పోయి ఉంటుంది, నా మాటల మీద అసలే. అందుకని ఈ కవర్లో ఒక టికెట్టు పెట్టాను. నా తిరుగు ప్రయాణానిది. గువ్వ చేతికి ఇచ్చి చదివించు. సీటు ఒక్కటే ఉంది, పెద్దవాళ్ళది. నేనొచ్చే దాకా ఆ టికెట్టు తన దగ్గరే దాచుకోమను. వెళ్ళే రోజు నేను తననే అడిగి తీసుకుంటాను.

నీ అక్క